ఏ కుక్క పుణ్యమో

జూన్ 12

మరదలు పిల్లకి,

మీ వదిన రాస్తున్నది. బాగున్నావా అని అడగను. ముప్ఫై రెండు పళ్ళూ గట్టిగా ఉన్నదానివి, బాగుండక ఏం చేస్తావు! ఫోను చెయ్యొచ్చుగా అంటావేమో. ఫోను ఎత్తితే చాలు, మీ అన్న పక్కకొచ్చి కూర్చుంటాడు. ఈ సంగతి ఆయనకి ఇప్పుడే తెలియకూడదు. పైగా ఉత్తరం రాసి పోస్టు డబ్బాలో వేయించడం మా బడి పిల్లలకి ఒక పాఠం. కాబట్టి ఇది మోసుకెళ్ళింది వాళ్ళే.

నా పై వరస ముందు పళ్ళు నాలుగూ కదులుతున్నాయి. నాలుకతో తోస్తే వదులైన తలుపు గడియలా ఊగుతున్నాయి. చిగుళ్ళు పైకి జరిగిపోయి పళ్ళు గుర్రానికున్నట్టు పొడుగ్గా కనిపిస్తున్నాయి. బ్రష్షు పెడితే రక్తం. వాసన సంగతి రాయను, కాగితానికి అంటుకుంటుంది.

ఇంకొకరికైతే అద్దం ముందు బాధ. నాకు అలా కాదు. మా పిల్లలకి చెవులు వినబడవు, నా నోరే వాళ్ళ పుస్తకం. త, థ, ద, ధ, న అంటే నాలుక పైపళ్ళ వెనక ఎక్కడ తగిలిందో చూసి పట్టుకుంటారు. ఊరికే పెట్టారా వాటికి దంత్యాలని పేరు! ఈ మధ్య సిగ్గేసి రుమాలు అడ్డం పెట్టుకుని పాఠం చెబుతున్నాను. మొన్న సొట్టబుగ్గ పలక మీద రాసి చూపించింది: "టీచర్, మా మీద కోపమా? నోరు దాస్తున్నారు." సొట్టబుగ్గ మా క్లాసులో ఏడేళ్ళ పిల్ల. మా బళ్ళో అందరికీ చేతి సైగతో ఒక పేరు ఉంటుంది. బుగ్గ మీద వేలు గుచ్చి చూపిస్తే ఆ పిల్ల అన్నమాట.

పెద్ద టీచరు నిన్న పిలిచి, "ఈ ఏడాదికి ఆఫీసు పని చూసుకోండమ్మా" అంది మెత్తగా. సందు మొదట్లో పళ్ళ డాక్టరేమో "అన్నీ పీకేసి సెట్టు పెట్టేద్దాం, ఎంతసేపు!" అన్నాడు. ఆఫీసులో కూర్చుని హాజరుపట్టీలు రాయడానికా నేను ఇన్నేళ్ళు నోరు తిప్పడం నేర్చుకున్నది?

నువ్వు కుక్కల పళ్ళకి వైద్యం చేసి చిగుళ్ళూ ఎముకా మళ్ళీ మొలిపిస్తున్నావని మీ అన్న అందరికీ చెప్పుకుంటాడు. ఆ మందు ఒక చెంచాడు నాకూ పంపకూడదూ? కుక్క మందైనా ఫర్వాలేదు. నేను రెండు రోజులు మొరిగినా మీ అన్నకి తేడా తెలియదు.

పళ్ళు బిగబట్టుకుని,
మీ వదిన


జూన్ 20

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత తిట్టాను. రక్తం కారడం మొదలై ఎన్నాళ్ళయిందో రాయలేదంటే ఏళ్ళయిందన్నమాట. పక్కింటి పిల్లాడికి పన్ను ఊగితే పరిగెత్తుకెళ్తావు, నీ పన్ను దగ్గరికొచ్చేసరికి రుమాలు!

ముందుగా, పీకించకు. ఆ సందు డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళావో, మీ ఆయనకి నేనే చెబుతాను.

రెండోది, మా అన్న చెప్పింది సగం తప్పు. నేను జబ్బు చేసిన కుక్కలకి వైద్యం చెయ్యడం లేదు. మా దగ్గర పన్నెండు కుక్కలున్నాయి, అన్నీ ఆరోగ్యంగానే వచ్చాయి. మత్తిచ్చి, వాటి పంటి చుట్టూ సన్నటి దారం కడతాం. దాని కింద పాచి చేరి చిగురు వాస్తుంది, ఎముక కరుగుతుంది. అంటే నీకు దానంతటదే వచ్చింది, వాటికి మేము తెప్పిస్తాం. తర్వాత ఆ గుంటలో మా మందు పెట్టి, పోయిన ఎముకా, పంటిని ఎముకతో పట్టి ఉంచే నారా మళ్ళీ పుడతాయేమో చూస్తాం. వాటికి నొప్పి లేకుండా చూడడం పశువుల డాక్టరుగా నా పని. తిండి తినకపోయినా, తోక ఊపకపోయినా మొదట నన్నే పిలుస్తారు. నీ దగ్గర దాచడం ఇష్టం లేక ఇదంతా రాశాను.

మూడోది. మా మందు నీకు పనికి రాదు. మనుషుల దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది, రాకనే పోవచ్చు కూడా. కానీ పాత పద్ధతి ఒకటుంది. చిగురు విప్పి, వేరు శుభ్రం చేసి, గుంటలో ఎముక పొడి నింపి, పైన సన్నటి పొర కప్పి కుట్టేస్తారు. చిగురు తొందరపడి గుంటలోకి దిగిపోకుండా ఆ పొర అడ్డుపడుతుంది. ఆలోగా లోపల ఎముక నిదానంగా పెరుగుతుంది. పెద్దాసుపత్రిలో చిగుళ్ళ విభాగం వేరే ఉంటుంది, అక్కడికి వెళ్ళు. రేపే.

కోపంతో, అంతకన్నా ఎక్కువ ప్రేమతో,
నీ ఆడపడుచు


జూలై 3

పిల్లా,

వెళ్ళాను. నువ్వు చెప్పావనే వెళ్ళాను. చీటీ రాయించుకుని, చెక్క బల్ల మీద కూర్చుని, నా వంతు వచ్చేలోగా గోడ మీదున్న దవడ బొమ్మ మొత్తం కంఠతా పట్టాను. చిగుళ్ళ డాక్టరమ్మ చిన్నమనిషి, చేతులు ఇంకా చిన్నవి. అద్దం పెట్టి చూసి, "మూడు నిలబెడతాను, నాలుగోది నా వల్ల కాదు. దాన్ని తీసి, పక్క పళ్ళ ఆసరాతో కట్టుడు పన్ను పెడదాం" అంది. మీ అన్నకి తెలిసిపోయింది, ఎక్స్‌రే కవరు ఆయన సంచీలోనే పెట్టాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. "నాకు చెప్పకపోవడానికి నేనేం పరాయివాణ్ణా" అని ఒక పూట అలిగి, సాయంత్రానికి మిక్సీ కొనుక్కొచ్చాడు.

ఇప్పుడు అసలు మాట. నీ ఉత్తరంలో దారం దగ్గర ఆగిపోయాను. నీ చేతులతోనే కడతావా? చిన్నప్పుడు కాలువలో పడ్డ కుక్కపిల్లని గౌనులో చుట్టి తెచ్చిన దానివి! నిన్ను తప్పు పట్టడం కాదు. నాకు మింగుడు పడలేదు, అంతే.

అదే మాట డాక్టరమ్మని అడిగాను. "మీకు చెయ్యబోయేది కూడా మొదట కోతుల్లో, కుక్కల్లో చూసిందే. వాటిలో పొర పనిచేసిందని తేలాకే మనుషుల దాకా వచ్చింది" అంది గ్లవ్స్ విప్పుతూ. అంటే నీ పని తప్పనడానికి నాకు నోరు లేదు. ఉన్న నోరూ ఊగుతోంది.

క్లాసులో చెప్పాను, టీచరు పళ్ళకి ఆపరేషను అని. మా మరదలు కుక్కల దగ్గర పని చేస్తుందని, కుక్కల వల్లే ఇలాంటి వైద్యాలు తెలిశాయని. ఇంకేముంది, ఆపరేషను గాలికి పోయింది. ఎన్ని కుక్కలు, ఏ రంగు, పేర్లేమిటి! పేర్లు రాసి పంపు, నన్ను బతకనివ్వడం లేదు.

నీ వదిన


జూలై 11

వదినా,

అవును, నా చేతులతోనే. వేరే చేతులైతే నాకు నిద్ర పట్టదు.

చెవిలో పచ్చబొట్టు అంకెలు తప్ప వాటికి పేర్లు లేవు. కానీ వాటికి తిండి పెట్టే తాత ఊరుకోడు. ఆయన పెట్టిన పేర్లు ఇవి: తోకరాయుడు, నిద్రమొహం, ముందు నేనే, బకెట్టు (బకెట్టులో తల పెట్టి తీయదు), అలిగినమ్మ, దొరగారు... మిగతావి వేరే కాగితం మీద రాశాను, పిల్లలకి ఇవ్వు. అన్నీ గోధుమా తెలుపూ కలిసినవే, చెవులు వేలాడుతుంటాయి. పొద్దున్నే నా బూట్ల చప్పుడు వినగానే పన్నెండూ ఒకేసారి అరుస్తాయి. ఆ గోలలో తాతా నేనూ సైగలతోనే మాట్లాడుకుంటాం, మీ బడిలాగే.

ఆపరేషను అయ్యాక పుక్కిలించమన్న దానితోనే పుక్కిలించు. పెదవి ఎత్తి అద్దంలో చూసుకోకు, కుట్లు లాగుతాయి. పది పదిహేను రోజులు మాటలు తగ్గించు. ఇది నీకు అన్నిటికన్నా కష్టమని తెలుసు.

ఇక్కడ పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. వచ్చే నెల మొదటి వారానికి కుక్కల పని పూర్తవుతుంది. ఆ తర్వాత నేను కాస్త ఊపిరి పీల్చుకుని పెద్ద ఉత్తరం రాస్తాను.

నీ మరదలు


ఆగస్టు 1

మరదలు పిల్లా,

బతికే ఉన్నాను, వాచి ఉన్నాను. పెదవి వంకాయంత. ఎముక పొడి అనగానే "ఎవరిది? కుక్కదా?" అని కుర్చీలోంచి లేచాను. డాక్టరమ్మ నవ్వాపుకోలేక, "మీ దవడలోంచే కొంచెం గీకి తీస్తానమ్మా, పడుకోండి" అంది. నాలుగో పన్ను పోయింది. మిగతా మూడూ సన్నటి తీగతో పక్కవాటికి కట్టి ఉన్నాయి, బడికి కొత్తగా వచ్చిన పిల్లల్ని పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని నిలబెట్టినట్టు.

మీ అన్న నాకోసం అన్నీ మిక్సీలో వేసి జావ చేస్తున్నాడు. నాకు తోడుగా తనూ అదే తాగుతానన్నాడు. మూడో రోజు కొట్టు నుంచి ఆలస్యంగా వచ్చాడు, మీసానికి కారప్పొడి. నేనేమీ అనలేదు, అనే వీలు లేదు కదా!

వారం ఇంట్లో ఉండి బడికి వెళ్ళిపోయాను. మాట్లాడకూడదు కాబట్టి మొత్తం సైగలే. నా సైగలు పిల్లల సైగల ముందు నత్తనడక. వాళ్ళే దిద్దారు. నోరు తెరిచి ఖాళీ చూపిస్తే క్లాసంతా చప్పట్లు! సగం మందికి ముందు పళ్ళు ఊడి ఉన్నాయి, నేనూ వాళ్ళ జట్టులో చేరినట్టు లెక్క. నేను అంత సిగ్గుపడ్డది ఈ పిల్లల ముందా అనిపించింది.

నీ ఉత్తరంలో కుక్కల పని పూర్తవుతుందని చదివి అందరికీ చెప్పాను. పింఛను తీసుకుని ఇళ్ళకి వెళ్ళిపోతాయని! మా క్లాసులో కూడా పన్నెండు మందే. తలా ఒక కుక్కని తీసుకుని బొమ్మ వేశారు, ఒక్కొక్కదానికి సైగ పేరు పెట్టారు. ఎలా చెయ్యాలో బొమ్మ కింద చేతులు గీసి చూపించారు. బకెట్టుకి రెండు చేతులూ తలకి బోర్లించాలి, చూడు. "ధన్యవాదాలు" రాయమన్నాను, దాదాపు అన్నీ దంత్యాలే, సగం మంది వొత్తులు మింగేశారు. దిద్దలేదు. కొత్త ఇళ్ళకి పంపేముందు వాటికి చూపించు. బకెట్టు బొమ్మ వేసిన వాణ్ణి మేము మొండిఘటం అంటాం. వాడు దాన్ని ఎవరు తీసుకెళ్తున్నారో కచ్చితంగా రాయమంటున్నాడు.

వాపుతో,
వదిన


ఆగస్టు 9

వదినా,

పార్సెలు అయిదో తారీకున వచ్చింది. ఆరో తారీకున పని పూర్తయింది.

నేను సరిగ్గా రాయలేదు. మేము రోజూ వాడే మాట అలాగే రాసేశాను, నువ్వు వేరేగా అర్థం చేసుకుంటావని తట్టలేదు. అవి ఇళ్ళకి వెళ్ళలేదు. ఎముకా, నారా నిజంగా మళ్ళీ పుట్టాయా, లేక ఉత్త మచ్చలాంటి కండ నిండిందా అన్నది ఎక్స్‌రేలో తెలియదు. ఆ చోటుని పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూడాలి. అందుకని మత్తు ఇచ్చి, మేలుకోకుండా చేస్తాం. పన్నెండింటినీ. ఆ ఇంజెక్షను ఇచ్చేది నేనే.

బొమ్మలు చూసి దాచేద్దామనుకున్నాను. తాత లాక్కుని, ఒక్కో గూడు తలుపుకి ఒక్కో బొమ్మ అంటించాడు. "వాటికి వచ్చినవి, వాటికే" అన్నాడు. మర్నాడు ఒక్కొక్కదాన్ని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు పిల్లలు గీసిన సైగ చేసి పిలిచాను. బకెట్టుకి రెండు చేతులూ తలకి బోర్లించాను. అది తల వంచి చూసి, చేతిలో ఏదో తినేది ఉందనుకుని వచ్చేసింది. ఉంది. తాత ముందే ఇచ్చి ఉంచాడు. అన్నీ నా ఒళ్ళో తల పెట్టుకునే నిద్రపోయాయి.

పిల్లలకి ఏం చెబుతావో నీ ఇష్టం. ఇళ్ళకి వెళ్ళాయనే చెప్పినా నేను కాదనను.

మరదలు


సెప్టెంబరు 1

వదినా,

జవాబు లేదు. అన్నయ్యని అడిగితే "బాగానే ఉంది, కుట్లు విప్పారు" అంటాడే కానీ ఫోను నీకివ్వడు. నా ముఖం చూడాలని లేదేమో. అదే అయితే ఆ ముక్క రాసెయ్యి, తిట్టు కూడా. నీ తిట్లు అలవాటే. ఈ మౌనం అలవాటు లేదు.

మరదలు


సెప్టెంబరు 10

పిచ్చిపిల్లా,

నీ మీద కోపమైతే ఒక్క రోజులో ఆరు పేజీలు రాసి ఉండేదాన్ని. నేను రాయలేకపోయింది పిల్లలకి ఏం చెప్పాలో తేలక. వాళ్ళకి చెప్పకుండా నీకు జవాబు రాయడం కుదరలేదు.

ఇళ్ళకి వెళ్ళాయని చెబితే నమ్మేవాళ్ళే. కానీ వినబడని పిల్లలకి పుట్టినప్పటి నుంచి లోకం చెప్పేది ఒకటే మాట: "ఏం లేదులే, తర్వాత చెబుతాలే." ఇంట్లో అందరూ నవ్వుతారు, ఎందుకని అడిగితే "తర్వాత చెబుతాలే." తాతయ్య చనిపోతాడు, ఇంటి నిండా జనం, "తర్వాత చెబుతాలే." ఆ తర్వాత ఎప్పటికీ రాదు. అలాంటి మాట నా నోటితో అనలేను, అందులోనూ బాగు చేయించుకున్న నోటితో.

సోమవారం చెప్పాను. దారం దగ్గర నుంచి ఇంజెక్షను దాకా. సొట్టబుగ్గ అడిగింది, "ఆపరేషనుకి ముందు మీకు డాక్టరు చెప్పింది కదా, నొప్పి పుడుతుంది, ఇలా చేస్తాం, సరేనా అని. కుక్కలకి చెప్పారా?" లేదన్నాను. చెప్పినా వాటికి అర్థం కాదన్నాను. "మాకు కూడా అర్థం కాదనే అందరూ చెప్పరు" అంది.

మొండిఘటం రెండు రోజులు నా ముఖం చూడలేదు. నేను నోరు తెరవగానే కళ్ళు మూసుకునేవాడు. నీకు అది ఎంత పెద్ద తిట్టో తెలియదు. చెవులున్నవాళ్ళు తలుపు ధడాల్న వేసినట్టు. మూడో రోజు తనంతట తనే వచ్చి ముందు బల్ల మీద కూర్చుని, మాట్లాడమన్నట్టు గడ్డం ఎగరేశాడు. ఏ దేవుడి కరుణో.

ఒకటి చెబుతాను విను. అవి నీ ఒళ్ళో నిద్రపోయాయని చదివి ఏడ్చాను. భయంతో కాకుండా నీ ఒళ్ళో పోయాయి, అందుకు నీకు ఎంతో రుణపడ్డాను. దారం మాట ఇప్పటికీ మింగుడు పడలేదు. రెండూ నిజమే, రెండింటితోనూ ఉండగలను.

మీ అన్న ఫోను ఇవ్వకపోవడానికి కారణం, మాట్లాడొద్దన్న గడువు డాక్టరమ్మ పోయిన వారం దాకా పెంచింది. ఆ మహానుభావుడు ఆ ఒక్క ముక్కే చెప్పలేదు!

ఎప్పటికీ నీ వదిన


నవంబరు 18

వదినా,

నీ ఉత్తరం బల్ల సొరుగులో లేదు, నా కోటు జేబులో ఉంది.

ముందు ఫలితం. పలచటి ముక్కల్లో కొత్త ఎముక కనిపించింది. వేరు మీద కొత్త పూత, రెండింటినీ కలుపుతూ నార. వరసగా, పుట్టుకతో వచ్చినట్టే. మైక్రోస్కోపులో చూసి తాతని పిలిచాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, "ఇది దొరగారిదా?" అని అడిగాడు. అవునన్నాను.

ఇప్పుడు తరువాతి దశ. జంతువుల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీ ముందు సొట్టబుగ్గ ప్రశ్న చదివాను. ఒక పెద్దాయన "చిన్నపిల్లల మాటలు" అన్నాడు. నేను కూర్చోలేదు. "సరే, చిన్నపిల్లకి జవాబు మీరే చెప్పండి" అన్నాను. ఆ తర్వాత మూడు సమావేశాలు జరిగాయి. ఒకే కుక్క నోట్లో ఒక పక్క మందు, రెండో పక్క మందు లేకుండా చూస్తే పన్నెండు అక్కర్లేదు, ఆరు చాలు. ఎముక కొలవడానికి కొత్త స్కానింగు వాడతాం. నాలుగింటిని చివర్లో ఇళ్ళకిస్తాం, నిజంగా ఇళ్ళకే. దొరగారూ బకెట్టూ వాళ్ళంతా పోబట్టే స్కానింగులో కనిపించేది నిజమా కాదా అని పోల్చుకోవడానికి మా దగ్గర ఆధారం ఉంది. రెండింటిని మాత్రం ఇంకా కోసి చూడాల్సిందే. దాని కోసం పోట్లాడాను, గెలవలేదు.

పిల్లలకి నా కృతజ్ఞతలు చెప్పు. ఒక్క వొత్తూ మింగకుండా.

నీ మరదలు


జనవరి 27

మా ఇంటి డాక్టరమ్మకి,

మొన్న ఆరు నెలల పరీక్ష. చిగుళ్ళ డాక్టరమ్మ అద్దం పిడితో మూడు పళ్ళనీ అటూ ఇటూ నెట్టింది. కదల్లేదు. పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చూపించింది. నల్లగా గుంట ఉన్నచోట తెల్లగా మబ్బు పట్టినట్టు ఎముక. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. "నొప్పిగా ఉందా?" అంది కంగారుగా. కాదమ్మా, దండం పెడదామంటే నా చేతులు నీ కుర్చీ పట్టుకుని ఉన్నాయన్నాను.

బయట మీ అన్న ఎక్స్‌రే కవరు గుండెకి ఆనించుకుని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు బస్టాపు దాకా నడిచాడు. పెద్ద టీచరు నా పేరు మళ్ళీ క్లాసుల పట్టికలో రాసింది. ఆఫీసు హాజరుపట్టీలు ఇంకెవరి నెత్తినో పడ్డాయి.

నీ ఉత్తరం రాగానే పిల్లలకి నీ ఆరు కుక్కల సంగతి చెప్పాను. నాలుగు ఇళ్ళకెళ్తాయంటే బల్లలు చరిచారు. మొండిఘటం చరచలేదు. "మిగతా రెండు?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. కళ్ళు మూసుకోలేదు, చివరిదాకా నా నోటివంకే చూశాడు.

ఇవాళ "ద" నేర్పుతున్నాను. గొంతు మీద ఒక చెయ్యి పెట్టి, పెదవి దగ్గర ఇంకో చెయ్యి పెట్టి, లోపలి ఊపు పట్టుకుంటారు. వాడి వంతు వచ్చినప్పుడు చూపుడు వేలు నేరుగా నా ముందు పంటి మీద పెట్టాడు. "ద" అన్నాను, పన్ను నిలబడే ఉంది. వాడు వేలు తీసి అడిగాడు, "ఇది ఏ కుక్క వల్ల?"

తెలియదన్నాను. మీరు బొమ్మలు వేసినవాటిలో ఏదీ కాదు, ఎప్పుడో, నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఎక్కడో ఒక కుక్క. రంగు తెలియదు, పేరు తెలియదు. పేరు పెట్టారో లేదో కూడా తెలియదు.

వాడు చూపుడు వేలితో తన ముందు పంటిని తాకి, అదే చేతిని కిందికి దించి, మోకాలెత్తున ఉన్న దేని తలో నిమిరినట్టు రెండుసార్లు నిమిరాడు. "ఇదీ దాని పేరు" అన్నాడు. సొట్టబుగ్గ చేసింది. ఆ వెనక అందరూ చేశారు. నేనూ చేశాను.

నువ్వూ చెయ్యి. తాతకి కూడా నేర్పు.

నోరారా నవ్వుతూ,
నీ వదిన